బంతి ఇచ్చే ముందు ఆగడం నేర్పండి: పిల్లలకి ఫ్లాగ్ ఫుట్‌బాల్

మా అక్క కొడుకు డల్లస్ నుంచి సెలవులకి వచ్చినప్పుడు ఒక బంతి తెచ్చాడు. "పిన్నీ, మీ బడి పిల్లలకి ఇవ్వు" అన్నాడు. మర్నాడు పొద్దున గ్రౌండ్‌లో దాన్ని చూసి ఏడో తరగతి పిల్లాడొకడు "ఏంది మేడమ్, బొప్పాయికాయ మాదిరి ఉండాది" అన్నాడు. ఇంకొకడు అప్పటికే తన్నడానికి కాలు వెనక్కి తీశాడు. పేరు ఫుట్‌బాలే అయినా ఈ అమెరికా ఆటలో బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుందని అక్కడే నిలబడి చెప్పాల్సి వచ్చింది.

నేను తిరుపతి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియంలో కబడ్డీ ఆడుతూ పెరిగినదాన్ని. ఈ ఆటని పుస్తకంలో చదివి, వీడియోలు చూసి, అక్క కొడుకుతో ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడి నేర్చుకున్నాను. నాలుగేళ్ళుగా పిల్లలకి నేర్పుతున్నాను. మీ బడిలోనో, అపార్ట్‌మెంట్ ఖాళీ స్థలంలోనో మీరూ నేర్పాలనుకుంటే, నాకు తెలిసింది ఇది.

ముందు ఒక మాట. టీవీలో కనిపించేది హెల్మెట్లు, భుజాలకి ప్యాడ్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకుని పడేసే ఆట. దాన్ని టాకిల్ అంటారు. అది నేను నేర్పను, మీరూ నేర్పొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. మన దగ్గర ఆ సామాను లేదు, ఎలా పడాలో నేర్పే శిక్షకులు లేరు, మన నేల పచ్చిక కాదు. సామాను ఉన్నా నేను ఒప్పుకోను. మనం ఆడాల్సింది ఫ్లాగ్ ఫుట్‌బాల్. ఇందులో మనిషిని పడగొట్టరు. నడుముకి వేలాడే గుడ్డ పట్టీని లాగితే చాలు, ఆట ఆగిపోతుంది. దీన్ని చిన్నపిల్లల ఆట అని తీసిపారేసే తల్లిదండ్రులకి నేను ఒక సంగతి చెప్తాను. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలో, క్రికెట్‌తో పాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ని కూడా 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో చేర్చారు. పురుషులకీ ఉంది, స్త్రీలకీ ఉంది. ఆ మాట విన్నాక మా ఊళ్ళో ఎవరూ "ఇదేం ఆట" అనలేదు.

గ్రౌండ్, పట్టీలు

పెద్దల ఫ్లాగ్ మైదానం 50 గజాల పొడవు, 25 గజాల వెడల్పు. రెండు చివరలా పదేసి గజాల ఎండ్ జోన్ (పాయింట్ల కోసం బంతితో చేరాల్సిన చోటు) అదనం. గజం అంటే ఎంతో మన పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. తిరుపతిలో ఇంటి స్థలాలకి అంకణాల లెక్క ఎంత ఉన్నా, గజం తెలియని ఇల్లు లేదు. పదేళ్ళ పిల్లలకి నేను 30 గజాల పొడవు, 15 గజాల వెడల్పు గీస్తాను, ఎండ్ జోన్లు ఐదేసి గజాలు. గీతలకి ముగ్గుపిండే వాడండి. తడిస్తే మండే పచ్చి సున్నం వద్దు, కళ్ళల్లో పడితే చూపుకే ప్రమాదం. గీతకీ గోడకీ, గీతకీ వాలీబాల్ స్తంభానికీ మధ్య కనీసం ఐదు గజాలు వదలండి. పరుగెత్తే పిల్లవాడు గీత దగ్గర ఆగడు, గీత దాటాక ఆగుతాడు.

ఆడే ముందు పిల్లలందరినీ చేయి చేయి పట్టుకుని వరసగా నిలబెట్టి, గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరకి నడిపిస్తాను. కంకర రాళ్ళు, గాజు పెంకులు, తుమ్మ ముళ్ళు ఏరేస్తారు. పల్లేరుకాయల్ని మాత్రం చేత్తో పట్టనివ్వకండి, పాత చెప్పుతో గీకించండి. ఐదు నిమిషాలు పడుతుంది. ఈ నడక తప్పించిన రోజు లేదు. ఉత్తకాళ్ళతో వచ్చిన పిల్లవాణ్ణి ఆడనివ్వను, కానీ ఇంటికీ పంపను. బూట్లు లేవని పిల్లవాడు సిగ్గుపడకూడదు కదా. మా బడిలో పాత కాన్వాసు బూట్లు సైజులవారీగా ఒక గోతంలో పెట్టాం.

పట్టీలు దుకాణంలో కొనక్కర్లేదు. మా వీధి టైలరు నడుం బెల్టులు కుట్టిచ్చాడు. రెండు పక్కలా వెల్క్రో ముక్క, దానికి అంటుకునే గుడ్డ పట్టీ, అడుగుకి కాస్త ఎక్కువ పొడవు. పట్టీని ముడి వేయకూడదు. ముడి వేస్తే లాగినప్పుడు గుడ్డ రాదు, పిల్లవాడు వస్తాడు. నిక్కరు రంగు, పట్టీ రంగు వేరుగా ఉండాలి. చొక్కా లోపలికి దోపాలి. జేబులున్న నిక్కరు అయితే జేబుల్ని సూదీదారంతో మూసేయమని ఇంటికి చెప్పి పంపుతాను, ఎందుకంటే పట్టీ కోసం పోయిన వేలు జేబులో ఇరుక్కుంటే విరుగుతుంది. కడియాలు, గొలుసులు, గాజులు, కాళ్ళ పట్టీలు, చెవి రింగులు అన్నీ తీసి నా డబ్బాలో వేయాలి. చేతికున్న కాశీదారం తీయమంటే ఇంట్లోవాళ్ళు బాధపడతారు. అందుకని దాని మీద ప్లాస్టర్ చుడతాను.

మొదటి వారం బంతి కనపడకూడదు

పిల్లలు గొణుగుతారు, గొణగనివ్వండి. ఈ ఆటలో దెబ్బలు తగిలేది ఎక్కువగా పరుగెత్తడం వల్ల కాదు, ఆగలేకపోవడం వల్ల. అందుకే మొదటి రోజు నేర్పేది ఆగడమే. మోస్తరుగా పరుగెత్తమంటాను, విజిల్ వేయగానే మూడు పొట్టి అడుగుల్లో ఆగాలి. మోకాళ్ళు వంగి, నడుము దిగి, తల మాత్రం పైకి. "గోడకుర్చీ వేసినప్పుడు మోకాళ్ళు ఎలా ఉంటాయో అలా" అంటే వాళ్ళకి వెంటనే తెలుస్తుంది. ఒక్క పొడుగు అడుగుతో ఆగబోయిన పిల్లవాడు ముందుకి తూలతాడు, తల ముందు పోతుంది. అది చూశారంటే మళ్ళీ చేయించండి.

రెండో రోజు పట్టీ లాగడం. ఇక్కడ నాకు మన కబడ్డీతోనే పోరాటం. మన పిల్లలకి కాలు కనపడితే చేతులు ఆగవు. మడమ పట్టుకుంటారు, డైవ్ కొడతారు, ఇద్దరు చేతులు కలిపి చైన్ వేసి అడ్డుకుంటారు. కబడ్డీలో అదే నేర్పు, నేనే నేర్పాను కూడా. ఇక్కడ అవి మూడూ ఫౌలే. వాటిని తిట్టి మాన్పించలేం. ఇంకొకటి అలవాటు చేయాలి. అందుకే ముందు నడకతో మొదలుపెడతాను. పది అడుగుల చదరం గీసి, అందులో ఆరుగురు పిల్లలు నడుస్తూ మాత్రమే ఒకరి పట్టీ ఒకరు లాగాలి. పరుగెత్తితే అవుట్. నడకలో డైవ్ కొట్టాలని ఎవరికీ అనిపించదు. మూడు రోజులు నడక, తర్వాత మెల్లగా పరుగు, ఆ తర్వాతే పూర్తి వేగం.

ఎదురుగా పోకూడదు, పక్కగా పోవాలి. తల పరుగెత్తేవాడి ఒంటికి అడ్డం రాకుండా బయటి వైపు ఉండాలి. చూపు నడుము మీద. కబడ్డీలో మా కోచ్ చెప్పిన మాటే ఇక్కడా పనికొచ్చింది: రైడర్ కళ్ళు మోసం చేస్తాయి, భుజాలు మోసం చేస్తాయి, నడుము మోసం చేయదు. పట్టీ చేతికి రాగానే దాన్ని పైకెత్తి "జెండా!" అని అరవాలి. అది వినగానే అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి. మా పిల్లలే ఒక మాట కట్టుకున్నారు, ఇప్పుడు కొత్తగా వచ్చిన వాళ్ళకి వాళ్ళే నేర్పుతున్నారు: "ఒళ్ళు ముట్టుకోకు, గుడ్డ ముట్టుకో."

బంతి పట్టుకున్నవాడికీ కట్టుబాట్లు ఉన్నాయి. పట్టీని చేత్తో కప్పుకోకూడదు, చేయి చాచి ఎదుటివాణ్ణి తోయకూడదు, తల దించి గుంపులోకి దూరకూడదు, తప్పించుకోవడానికి పైకి ఎగరకూడదు. తిరగొచ్చు, పక్కకి తప్పుకోవచ్చు. రైడ్‌కి వెళ్ళి బతికొచ్చిన పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు, చూస్తే ముచ్చటేస్తుంది.

బంతి

పెద్దవాళ్ళ బంతి బరువు 400 గ్రాములు దాటుతుంది. పదేళ్ళ పిల్లవాడి చేతిలో అది ఇమడదు. పిల్లల సైజులు వేరుగా దొరుకుతాయి. లేకపోతే మొదట్లో గుడ్డలు కుక్కిన మేజోడు చాలు. పట్టుకోవడం ముందు, విసరడం తర్వాత నేర్పండి. ఛాతీ కన్నా పైకొచ్చే బంతికి రెండు బొటనవేళ్ళు, రెండు చూపుడువేళ్ళు దగ్గరకి చేర్చి ముక్కోణం చేయాలి. కిందికొచ్చే బంతికి చిటికెన వేళ్ళు కలపాలి, ప్రసాదానికి దోసిలి పట్టినట్టు. వేళ్ళు బంతికి ఎదురుగా నిటారుగా పెడితే మొన తగిలి కణుపులు వాచిపోతాయి. మాకు అయిన చిన్న దెబ్బల్లో సగం అవే. విసిరేటప్పుడు వేళ్ళు కుట్ల మీద, ఎదురు కాలు ముందుకి. బంతి బొంగరంలా తిరుగుతూ పోతే సరిగ్గా విసిరినట్టు. అది రావడానికి నెల పడుతుంది, తొందరేం లేదు.

గాలిలో ఉన్న బంతి కోసం ఇద్దరు పోతే, ముందు "నాది!" అని అరిచినవాడిదే. రెండోవాడు ఆగాలి. ఇది ఆట రూల్స్‌లో లేదు, మా గ్రౌండ్ రూల్. ఎందుకు పెట్టానో కింద చెప్తాను.

రూల్స్ ఎలా చెప్పాలి

అన్నీ ఒక్కరోజే చెప్పకండి. మొదట ఇంతే: జట్టుకి ఐదుగురు. నాలుగు ఛాన్సులు. ఆ నాలుగింటిలో బంతిని మధ్యగీత దాటించాలి. దాటిస్తే ఎండ్ జోన్ చేరడానికి ఇంకో నాలుగు. దాటించలేకపోతే బంతి అవతలి జట్టుకి. ఈ ఛాన్సుని వాళ్ళు డౌన్ అంటారు. కబడ్డీలో ఒక రైడ్ ఎలాగో ఇక్కడ ఒక డౌన్ అలాగ అని చెప్తే మా పిల్లలకి పది నిమిషాల్లో ఎక్కింది. టీవీలో చూసే పెద్ద ఆటలో లెక్క వేరు. అక్కడ జట్టుకి 11 మంది, నాలుగు డౌన్లలో 10 గజాలు సాధించాలి. రెండూ కలిపి చెప్తే తికమక పడతారు.

ఎండ్ జోన్‌లోకి బంతితో చేరితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ వెంటనే ఇంకో ప్రయత్నం: 5 గజాల నుంచి చేరిస్తే 1, 10 గజాల నుంచి చేరిస్తే 2. ఏది కావాలో పిల్లల్నే తేల్చుకోనివ్వండి. ఆ గుసగుసల చర్చలో వాళ్ళు నేర్చుకునేది చాలా ఉంది. బంతి పట్టుకున్నవాడి పట్టీ తాము కాపాడుకునే సొంత ఎండ్ జోన్‌లోనే పోతే అవతలివాళ్ళకి 2.

బంతి నేల తాకితే ఆట అక్కడికి ఆగినట్టే. నన్నడిగితే పిల్లల్ని కాపాడే రూల్ ఇదే. టాకిల్ ఆటలో జారిపోయిన బంతి మీద పదిమంది పడతారు. ఇక్కడ పడాల్సిన పనే లేదు. అలాగే మధ్యగీతకీ ఎండ్ జోన్‌కీ ముందు ఐదేసి గజాల్లో బంతితో పరుగు మొదలుపెట్టకూడదు, విసరాలి. అంత ఇరుకులో పరుగుకి వదిలితే అందరూ ఒకచోట కుప్పగూడి తోసుకుంటారు. బంతి విసిరేవాడి మీదకి ఉరకాలనుకున్నవాడు, ఆ డౌన్ మొదలయ్యే చోటుకి 7 గజాల దూరం నుంచే బయల్దేరాలి. కారణం చెప్పి రూల్ చెప్తే పిల్లలు మరిచిపోరు.

"అసలు ముందుకి విసరడం ఎందుకు మేడమ్" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మొదట్లో టాకిల్ ఆటలో బంతిని ముందుకి విసరడానికి వీల్లేదు. గుంపుగా కలిసి తోసుకుంటూ పోవడమే. ఒక్క 1905లోనే దెబ్బలకి 15 మందికి పైగా ఆటగాళ్ళు చనిపోయారు. అప్పటి అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీల వాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిపించి మాట్లాడాడు. 1906లో ముందుకి విసరడాన్ని ఒప్పుకున్నారు. గుంపు విడిపోయింది, మైదానం విశాలమైంది. ప్రాణాలు పోతుంటే ఆటనే మార్చుకున్నారని ఆ పిల్లకి చెప్పాను.

తల

రెండేళ్ళ కిందట ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు పైకి చూస్తూ ఒకే బంతి కోసం పరుగెత్తారు. తలలు ఢీకొన్నాయి. ఒకడు లేచాడు. రెండోవాడు కూర్చుండిపోయాడు. నేను మొహం కడిగించి, నీళ్ళు తాగించి, "బాగున్నావా నాయనా" అని అడిగాను. "బాగుండాను మేడమ్" అన్నాడు. ఆడనిచ్చాను. సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్ చేసింది. రెండుసార్లు వాంతి అయిందట, అడిగిందే అడుగుతున్నాడట. నా కాళ్ళు చల్లబడ్డాయి. ఆస్పత్రిలో స్కాన్ మామూలుగానే ఉంది. మెదడు అదిరిందని, దాన్ని కంకషన్ అంటారని, అది స్కాన్‌లో కనపడకపోవచ్చని డాక్టరు చెప్పాడు. వాడు కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది. తప్పు నాది. ఆట మీద ఆశ ఉన్న పిల్లవాణ్ణి "బాగున్నావా" అని అడగడమే తప్పు. ఏ పిల్లవాడైనా బాగున్నాననే అంటాడు.

నిండు బిందె నడుమున పెట్టుకుని నడుస్తూ ఠక్కున ఆగితే ఏమవుతుంది? బిందె ఎక్కడా తగల్లేదు, లోపలి నీళ్ళు మాత్రం అంచుకి కొట్టుకుని చిందుతాయి. తల లోపల మెదడూ అంతే. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపలి అదురుని ఆపలేదు. అందుకే తలతో గుద్దడాన్ని, హెల్మెట్లు పెట్టుకునే ఆటలోనే 1976లో అమెరికా స్కూళ్ళు, కాలేజీలు నిషేధించాయి. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెట్ అనే 13 ఏళ్ళ పిల్లవాడు తలకి దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్ళీ ఆడాడు. మ్యాచ్ అయ్యాక కుప్పకూలాడు, మెదడుకి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, మాట, నడక మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ పిల్లవాడి పేరు మీద 2009లో చట్టం వచ్చింది: అనుమానం ఉంటే ఆట నుంచి తప్పించాలి, వైద్యులు రాసిచ్చేదాకా ఆడించకూడదు. తర్వాత అలాంటి చట్టాలు అమెరికాలో అన్ని రాష్ట్రాలకీ పాకాయి.

మన దగ్గర మన గ్రౌండే ఆ చట్టం పాటించాలి. తలకి దెబ్బ తగిలి తలనొప్పి, కళ్ళు తిరగడం, చూపు మసకబారడం, వికారం, మందకొడితనం, తికమక, కారణం లేని ఏడుపు, వీటిలో ఒక్కటి కనపడినా ఆ రోజుకి ఆట అయిపోయింది. స్పృహ తప్పాల్సిన అవసరం లేదు. నేను కొన్ని ప్రశ్నలు అడుగుతాను: స్కోరెంత, బంతి విసిరిందెవరు, నిన్న మధ్యాహ్నం బడిలో ఏం పెట్టారు. తప్పు చెప్తే నా అనుమానం రూఢి అవుతుంది. అన్నీ సరిగ్గా చెప్పినా మాత్రం మళ్ళీ ఆడనివ్వను. బామ్ రాసి, నొప్పి మాత్ర వేసి ఇంటికి ఒంటరిగా పంపకండి. పెద్దవాళ్ళ చేతికే అప్పగించాలి, డాక్టరుకి చూపించాలి. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటిపాప పెద్దదైనా, లేపితే లేవకపోయినా, చేయో కాలో పట్టు తప్పినా వెంటనే 108. మెడ నొప్పి అన్నాడంటే కదిలించకండి, లేపి కూర్చోబెట్టకండి. తలని రెండు చేతులతో అలాగే పట్టుకుని అంబులెన్స్ వచ్చేదాకా ఉండండి.

మళ్ళీ ఆటలోకి తీసుకోవడం మెట్లు ఎక్కినట్టు ఉండాలి. ముందు బడి పాఠాలు ఇబ్బంది లేకుండా వినగలగాలి. ఆ తర్వాత నడక, మెల్లని పరుగు, ఒంటరిగా బంతి, చివరికి డాక్టరు సరేనన్నాక జట్టు. మెట్టుకి కనీసం ఒక రోజు. తలనొప్పి తిరిగి వస్తే అక్కడే ఆపి, తగ్గాక కింది మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

తల్లిదండ్రులకి ఒక విన్నపం. పడిన పిల్లవాణ్ణి "లేయ్‌రా, ఏం కాలేదు, మగపిల్లోడివి" అనకండి. ఆ మాట విన్నాక వాడు మీకు నొప్పి చెప్పడు.

ఎండ

తిరుపతి ఎండ గురించి తిరుపతి వాళ్ళకి చెప్పేదేముంది, వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. నేను పొద్దున 6:15కి మొదలుపెట్టి 7:30కి ముగిస్తాను. మార్చి దాటితే ఆట మానేసి నీడలో బంతి విసరడమే. 2001లో అమెరికాలో మిన్నెసోటా వైకింగ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు కోరీ స్ట్రింగర్ శిక్షణలో వడదెబ్బ తగిలి 27 ఏళ్ళకే చనిపోయాడు. అంత పెద్ద జట్టులో, అంతమంది సిబ్బంది మధ్య. సెలవుల తర్వాత తిరిగొచ్చిన పిల్లల్ని మొదటి రోజే పూర్తిగా పరుగెత్తించకండి, రెండు వారాలు కొద్దికొద్దిగా పెంచండి. పావుగంటకోసారి నీళ్ళు, అడిగినా అడక్కపోయినా. ఆట అయ్యాక ఉప్పు వేసిన మజ్జిగ. కొండ మీద గుండు చేయించుకొచ్చిన పిల్లలకి మెత్తని టోపీ ఉండాలి. తడబడుతూ నడిచినా, పొంతన లేకుండా మాట్లాడినా, చెమట పడుతున్నా సరే, వడదెబ్బే అనుకోండి. నీడకి చేర్చి, ఒళ్ళంతా చన్నీళ్ళు గుమ్మరిస్తూ, విసురుతూ, 108కి చేయండి. స్పృహ సరిగ్గా లేని పిల్లలకి నోట్లో నీళ్ళు పోయకూడదు.

అమ్మాయిలు

మా జట్టులో సగం అమ్మాయిలే. చున్నీ వద్దు, జడకి క్లిప్పులు వద్దు, రబ్బరు బ్యాండు చాలు. నడుం దగ్గర పట్టీ లాగే ఆట కాబట్టి, పెద్ద తరగతుల అమ్మాయిలు అమ్మాయిలతోనే ఆడతారు. వాళ్ళని ముందే విడిగా కూర్చోబెట్టి, ఎవరి చేయైనా పట్టీ దాటి ఒంటి మీదకి వస్తే ఆట మధ్యలోనే చెప్పొచ్చని, నేను వింటానని చెప్తాను. ఈ మాట అబ్బాయిలందరి ముందూ ఇంకోసారి చెప్తాను.

ఆట అయ్యాక పట్టీలు లెక్కపెట్టి గోతంలో వేస్తాం. నా నోటుబుక్కులో ఆ రోజు పడినవాళ్ళ పేర్లు ఉంటాయి, చిన్నగా పడినా సరే. రాత్రి ఏడున్నరకి, అన్నాలు తినే వేళ, ఆ ఇళ్ళకి ఒక్కొక్కటిగా ఫోన్ చేస్తాను. "అమ్మా, పిల్లాడు అన్నం తిన్నాడా? తలనొప్పి అన్నాడా? నిద్రమత్తుగా ఉన్నాడా?" ఒక్కో ఇంటికి నిమిషం చాలు. వాళ్ళమ్మ చెప్పాక, పిల్లవాడికి కూడా ఫోన్ ఇమ్మంటాను. గొంతు వినాలి.